పసిబిడ్డ బాధకు కర్మ సమాధానమగునా?

తిరుమలేశుని సన్నిధికి తరలివచ్చు యాత్రికులలో తల్లిదండ్రుల చేతులలో వచ్చు పసిబిడ్డలు ఎందరో కలరు. ఒకరికి పుట్టువెండ్రుకలు తీయింపవలెను. ఒకరికి అన్నప్రాశనము కావలెను. ఒకరిని తులాభారమున కూర్చుండబెట్టి ఎత్తుకెత్తు బెల్లమో కలకండయో సమర్పింపవలెను. ఈ సంతోషపు సందడి నడుమ మరియొక మ్రొక్కుతో వచ్చువారును కలరు. ఐదారేండ్లు వచ్చినను నడవలేని బిడ్డను తండ్రి భుజముపై మోసికొని వచ్చును. ప్రక్కన తల్లి కొంగుతో వాని మోము తుడుచుచు నడచును. వారి మ్రొక్కు చిన్నది. బిడ్డ తన కాళ్లపై తాను నిలువవలెను. అంతే.

అట్టి తల్లిదండ్రుల మనస్సులో ఒక ప్రశ్న ఉండును. పైకి అనినను, అనకున్నను ఉండును. "ఈ పసివాడు ఏ పాపము చేసెను?" అనునదే ఆ ప్రశ్న. దీనికి మనము చెప్పుకొను సమాధానమును బట్టియే మన నడవడి యుండును. బాలల ఆరోగ్యమునకై జరుగు శిబిరములు, చుక్కల మందు వేయు దినములు, వికలాంగుల పునరావాస కేంద్రములు, వీని విషయమున మనము చేయి కలుపుటయో, ప్రక్కకు తొలగుటయో ఆ సమాధానమునుండియే పుట్టును. కావున పాఠకమహాశయులతో కలిసి ఈ ప్రశ్నను ఒకమారు నెమ్మదిగా విచారింపదలచితిని.

విచారమునకు ముందు నా తప్పు ఒకటి చెప్పుకొనవలెను.

అది 1986వ సంవత్సరము. పాఠశాలనుండి వెలువడి నాకు ఎంతో కాలము కాలేదు. చదువు క్రొత్తది, గొంతు పెద్దది. ఒక గ్రామమున రామాలయములో నెల దినములు భాగవత పురాణము చెప్పుటకు కుదిరితిని. ఒకనాటి సాయంకాలము పురాణము ముగిసి జనులు ప్రసాదము తీసికొని వెళ్లుచుండగా, కూలిపనులు చేసికొని బ్రతుకు ఒక స్త్రీ తన బిడ్డను తెచ్చి నా యెదుట అరుగుపై కూర్చుండబెట్టెను. బిడ్డకు జ్వరము వచ్చి తగ్గినదట. తగ్గిన పిదప కుడికాలు చచ్చుబడినదట.

"సామీ, వీనికి రెండేండ్లు నిండలేదు. వీడు ఏం పాపం చేసినాడు? చదువుకున్నోళ్లు, మీరే చెప్పల్ల" అని అడిగెను.

నేను తడబడలేదు. "అమ్మా, ఇది పూర్వజన్మ కర్మ. అనుభవింపక తప్పదు" అంటిని. దానికి తగిన శ్లోకము కూడ చదివి అర్థము చెప్పితిని. ఆమె మారు మాటాడలేదు. బిడ్డను ఎత్తుకొని, కొంగు కప్పి వెడలిపోయెను. పురాణము మరి పదునైదు దినములు జరిగెను. ఆమె తిరిగి రాలేదు.

నేను చెప్పినది శాస్త్రములో లేని మాటయా? కాదు. అయినను అది తప్పు. ఎట్లు తప్పో తెలిసికొనుటకు నాకు ముప్పది యేండ్లు పట్టినది.

మన దర్శనములలో కర్మకు గట్టి స్థానము కలదు. లోకమున ఒకడు సుఖియై, మరియొకడు దుఃఖియై పుట్టుచుండగా సృష్టికర్తకు పక్షపాతము, నిర్దయ అను రెండు దోషములు అంటవా యను ఆక్షేపమును బ్రహ్మసూత్రములలో రెండవ అధ్యాయము మొదటి పాదమున బాదరాయణులు ఎత్తుకొనిరి. ఈశ్వరుడు జీవుల కర్మను అపేక్షించియే సృష్టి చేయును గనుక ఆ దోషములు అంటవని సమాధానము చెప్పిరి. శ్రీభాష్యమున భగవద్రామానుజులును ఆ యర్థమునే స్థాపించిరి. దీనిని కాదనువాడను నేను కాను.

కాని ఆ సూత్రము ఎందులకు పుట్టినది? ఈశ్వరునిపై మోపబడిన నిందను తొలగించుటకు పుట్టినది. శిశువుపై నింద మోపుటకు పుట్టలేదు. ఒకరి నిర్దోషిత్వమును నిలుపుటకు చెప్పిన వాదమును తీసికొనిపోయి, ఇంకొకరికి శిక్షాపత్రముగ చదివి వినిపించినవాడను నేను. సూత్రము సరియైనదే. దానిని వాడిన చోటు తప్పు.

మరియొక విషయము. కర్మ యొక్క గతి ఎంతో లోతైనదని, తెలియుట కష్టమని గీత నాలుగవ అధ్యాయమున భగవానుడే సెలవిచ్చెను. అర్జునునితో అట్లు చెప్పిన పిమ్మట, ఒక గ్రామపు అరుగుపై కూర్చుండిన పౌరాణికునికి ఆ బిడ్డ యొక్క జన్మాంతరముల లెక్క తెలియుట ఎట్లు? ఆ లెక్క చూచినవాడు ఒక్కడే. చూడని లెక్కను చూచినట్లు చదువుట పాండిత్యమనిపించుకొనదు.

ఇంకొక సందేహము కొందరికి కలుగును. బాధ కర్మఫలమైనపుడు దానిని తొలగింపబూనుట కర్మకు అడ్డుపడుట కాదా? దీనికి సమాధానము సులభము. రోగము ఆ బిడ్డ కర్మఫలమే యనుకొందము. మరి ఆ రోగమును తీర్చు వైద్యుడు ఆ బిడ్డ యెదుటికి వచ్చుట ఎవరి కర్మఫలము? అదియు ఆ బిడ్డ చేసికొనిన పుణ్యమే కావలెను గదా. రోగమునకు మాత్రము కర్మను సాక్షిగా పిలిచి, మందు విషయమున పిలువకుండుట న్యాయము కాదు. చరకసంహిత విమానస్థానమున ఈ చర్చయే వచ్చినది. ఆయువు దైవము, పురుషకారము అను రెండింటి బలాబలములను బట్టి యుండునని, అంతయు ముందే నిర్ణయింపబడినచో ఔషధములకును, శాంతికర్మలకును పనియే లేకపోవునని అందు నిర్ణయము. ఆయుర్వేదము యొక్క ఎనిమిది అంగములలో కౌమారభృత్యమను అంగము బిడ్డల పోషణకు, చికిత్సకు ప్రత్యేకింపబడినది. బిడ్డల బాధ అనుభవించి తీరవలసినదే యైనచో పూర్వులు దానికొరకు ఒక అంగమునే ఏర్పరచియుందురా?

కనుక కర్మసిద్ధాంతమును ఎవరికి వారు తమ విషయమున అన్వయించుకొనవలెను. నాకు కష్టము వచ్చినపుడు "ఇది నా కర్మ" అనుకొన్నచో నాకు ఓర్పు కలుగును, ఇతరులపై ద్వేషము తగ్గును. ఎదుటివాని కష్టమును చూచి "ఇది నీ కర్మ" అన్నచో నా చేతులు ముడుచుకొనును, వాని గుండె పగులును. కడుపులోనికి త్రాగవలసిన మందును కంటిలో పోసినట్లగును.

ఇక ఆ బిడ్డకు వచ్చిన రోగము సంగతి చూతము. అది పోలియో. కంటికి కనబడని వైరసు కలుషితమైన నీటి ద్వారా, శుభ్రము లేని చేతుల ద్వారా బిడ్డ నోటిలోనికి పోవును. సోకిన వారిలో చాలమందికి ఏమియు కాదు. సుమారు 200 మందిలో ఒకరికి మాత్రము నరముల శక్తి నశించి అవయవములు చచ్చుబడును. దీనికి సూదిమందు రూపమున టీకా 1955 నాటికే వచ్చినది. నోటిలో వేయు చుక్కల మందు 1960 ప్రాంతమున సిద్ధమైనది. మన దేశమున సార్వత్రిక టీకాల కార్యక్రమము 1985లో ఆరంభమైనది.

నేను ఆ తల్లికి శ్లోకము చదివినది 1986లో! అనగా మందు లోకములో ఉన్నది. ఆ వీధికి రాలేదు. రామాలయమున నెల దినములు మాటాడిన నేను, "పిల్లలకు టీకాలు వేయించుడు, నీరు కాచి త్రాగించుడు" అని ఒక్క సాయంకాలమైనను చెప్పలేదు. ఎదుట కూర్చుండిన గ్రామపెద్దలును ఆ మాట తలపెట్టలేదు. పూర్వజన్మ పాపమని నేను పేరు పెట్టినదానిలో ఎక్కువ భాగము ఈ జన్మలో మా యందరి అలసత్వమే.

ఆ తరువాత జరిగినది మనమందరము చూచితిమి. 1995 డిసెంబరులో దేశమంతట పల్స్ పోలియో కార్యక్రమము మొదలైనది. ఐదేండ్లలోపు బిడ్డలందరికి ఒకే దినమున రెండేసి చుక్కలు. అంగన్‌వాడీ కార్యకర్తలు, నర్సులు, ఉపాధ్యాయులు, కళాశాల విద్యార్థులు మంచుగడ్డలు నింపిన పెట్టెలు భుజములకు తగిలించుకొని ఊరూర తిరిగిరి. రైళ్లలో, బస్సు స్టాండులలో, తిరునాళ్లలో, ఇటుకబట్టీల వద్ద, వలసకూలీల గుడారముల వద్ద బిడ్డలను వెదకి పట్టుకొని చుక్కలు వేసి, చిటికెన వ్రేలిపై సిరాగుర్తు పెట్టిరి. కార్యక్రమము ఉధృతముగ సాగిన కాలమున దేశవ్యాప్తముగ జరుపు ఒక్కొక్క విడతలో 20 లక్షలకు పైగా కార్యకర్తలు సుమారు 17 కోట్లమంది బిడ్డలకు చుక్కలు వేసిరి. 2009లో మన దేశమున 741 మంది బిడ్డలకు పోలియో సోకెను. 2010లో 42 మందికి. 2011లో ఒక్క బిడ్డకు. జనవరి 13న పశ్చిమ బెంగాలులోని హౌరా జిల్లాలో బయటపడిన ఆ రోగమే దేశమున పుట్టిన అడవి పోలియోలో చివరిది. 2014 మార్చి 27న ఆగ్నేయాసియా ప్రాంతము పోలియో రహితమని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించినది.

ఇప్పుడు 1986 నాటి ఆ యువ పౌరాణికుని ఒక మాట అడుగవలెను. 2009లో 741, 2011లో ఒకటి. ఆ రెండేండ్లలో భారతదేశమున పుట్టిన బిడ్డలందరి పూర్వజన్మలు మారిపోయినవా? మారినది వారి పూర్వజన్మ కాదు, మన ఈ జన్మ. మంచుపెట్టెలు మోసినవారి పాదములకు అంటిన దుమ్ములో నాకు పురుషకారమను శబ్దమునకు అర్థము దొరికినది.

చుక్కల మందు రాకకు ముందే వికలులైనవారి మాటయేమి? పుట్టుకతోనే అవయవ లోపముతో వచ్చిన బిడ్డల మాటయేమి? ఇచ్చట పునరావాసమను కర్తవ్యము వచ్చును. ఈ మాట నేటిదే. భావము మాత్రము మన ఇతిహాసములలో నున్నది.

మహాభారతము ఆదిపర్వమున వినతకు రెండు అండములు కలిగెను. సవతి కద్రువకు ముందుగా సంతానము కలిగినదని తొందరపడి వినత ఒక అండమును పగులగొట్టెను. అందుండి పై దేహము మాత్రము పూర్తిగ ఏర్పడి, క్రింది దేహము ఏర్పడని బిడ్డ పుట్టెను. అతడే అరుణుడు. తొడలు లేనివాడు గనుక అనూరుడను పేరు వచ్చెను. అతనికి లోకము ఏమి చేసినది? మూలను కూర్చుండబెట్టి జాలిపడలేదు. సూర్యుని రథమునకు సారథిని చేసినది. సారథ్యమునకు కాళ్లతో పనిలేదు. కూర్చుండి పగ్గములు పట్టగల చేతులు, చెదరని చూపు చాలును. ఉన్న శక్తికి తగిన పని చూపి, ఆ పనిలో గౌరవమును నిలుపుట, ఇదియే పునరావాసము. బ్రహ్మోత్సవములలో ఏడవనాటి ఉదయమున సూర్యప్రభపై ఊరేగు స్వామికి మనము చేతులెత్తి మ్రొక్కుదుము. ఆ సూర్యుని రథమును నడుపువాడు ఒక వికలాంగుడని, ఐదవనాటి రాత్రి స్వామిని మోయు గరుడునికి అతడు అన్నయని ఎందరము తలచుకొందుము?

"ఆ కథలో తల్లి తప్పు చెప్పబడినది గదా" అని కొందరు అడుగవచ్చును. నిజమే. కాని తల్లిని శపించినవాడు బాధపడిన ఆ కుమారుడే. ఊరివారు కారు. అతడే శాపవిమోచనమును కూడ చెప్పి వెళ్లెను. బాధపడినవానికి గల అధికారము చూచువారికి లేదు. మన భాషలో చీలిన పెదవికి గ్రహణమొర్రి యని పేరు. ఆ పేరులోనే ఒక నింద దాగియున్నది. గర్భిణిగా నున్నపుడు గ్రహణము చూచినదని, బయట తిరిగినదని తల్లిని దెప్పుదురు. గ్రహణకాలమున స్నానము, జపము, దానము చేయుమని నేను చదివిన ధర్మశాస్త్రములు చెప్పినవి. బిడ్డను కన్న తల్లిని దెప్పిపొడువుమని ఎచ్చటను చెప్పలేదు. పెదవి చీలికకు బిడ్డ పుట్టిన కొలది నెలలలోనే శస్త్రచికిత్స కలదు. అంగిలి కూడ చీలినచో దానికి వేరుగా శస్త్రచికిత్స, పిదప మాటలు నేర్పు శిక్షణ కలవు. దెప్పుటకు వెచ్చించు కాలములో ఆ బిడ్డను ఆసుపత్రికి చేర్చవచ్చును.

ఈ కర్తవ్యమును దేవస్థానములు గుర్తింపకపోలేదు. తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానముల వారు 1985లో నెలకొల్పిన బర్డ్ ఆసుపత్రి పేరులోనే శస్త్రచికిత్స, పరిశోధన, వికలాంగుల పునరావాసము అను మూడు మాటలు కలవు. పోలియోచే కాళ్లు వంగినవారు, పుట్టుకతో అవయవములు వంకరపోయినవారు ఎందరో అచ్చట చికిత్స పొందిరి. 2021 అక్టోబరులో పుట్టుకతో హృద్రోగము గల బిడ్డలకొరకు శ్రీ పద్మావతి హృదయాలయము తెరువబడినది. ప్రభుత్వపక్షమున 2013 ఫిబ్రవరిలో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము ఆరంభమైనది. పుట్టినది మొదలు పదునెనిమిదేండ్ల వరకు గల బిడ్డలను అంగన్‌వాడీలలో, బడులలో పరీక్షించి, పుట్టుకతో వచ్చిన లోపములు, పోషకాహార లోపములు, రోగములు, ఎదుగుదలలో ఆలస్యము అను నాలుగింటిని ముందుగా కనుగొనుట దాని పని.

ఇన్ని యుండగా మనకు మిగిలిన పనియేమి? ఆ సంగతి నాకు గ్రంథములలో దొరకలేదు. మా యింటిలోనే దొరికినది.

2018లో మా అమ్మాయికి ఆడపిల్ల పుట్టెను. రెండు పాదములును లోపలికి మడిగి, అరికాళ్లు ఒకదానినొకటి చూచుకొనుచుండెను. వంకరపాదమని దీనికి పేరు. సుమారు వేయిమంది బిడ్డలలో ఒకరికి వచ్చును. బారసాలకు వచ్చిన బంధువు ఒకరు మంచి మనస్సుతోనే "ఏం చేస్తాం అమ్మా, పూర్వజన్మ కర్మ. ఓర్చుకోవాలి" అనిరి. మా అమ్మాయి ఆ మాటకు బదులు చెప్పలేదు. నా వైపు చూచెను. పండితుడైన తండ్రి ఏమనునో యని చూచిన ఆ చూపులో, ముప్పదిరెండేండ్ల వెనుక బిడ్డపై కొంగు కప్పుకొని వెడలిన తల్లి కనబడెను. నాకు నోట మాట రాలేదు.

మరునాడే ఆసుపత్రికి పోయితిమి. ఈ లోపమునకు పూర్వము పెద్ద శస్త్రచికిత్సలు చేయుచుండిరట. స్పెయిన్ దేశమున పుట్టి అమెరికాలో స్థిరపడిన పొన్సెటి యను వైద్యుడు, పాదమును చేతులతో మెల్లగా సరిదిద్దుచు వారమునకొకసారి పిండికట్టు వేయు పద్ధతిని రూపొందించెను. వైద్యుడు మా మనుమరాలి పాదమును వ్రేళ్ల నడుమ పట్టుకొని, బలవంతము లేకుండ, బిడ్డ పాలు త్రాగుచుండగనే కొంచెము త్రిప్పి, కట్టు వేసెను. అది చూచుచుండగా నాకు దశమస్కంధమున మథురానగర వీధి గుర్తునకు వచ్చెను. మూడు వంకరల త్రివక్ర ఎదురైనపుడు కృష్ణుడు ఆమెను అడిగినది ఆమె యెవరో, ఆ మైపూత యెవరికో. ఏ పాపము చేసితివని అడుగలేదు. తన పాదములతో ఆమె పాదములను అదిమి, రెండు వ్రేళ్లతో గడ్డము పట్టి పైకెత్తి నిటారుగ నిలిపెను. భగవంతునికి ఒక్క క్షణము చాలినది. మనకు ఆరు వారములు పట్టినది. అంతియే భేదము.

ఆరు కట్టులతో పాదములు దారికి వచ్చినవి. మడమ వెనుక స్నాయువును కొంచెము కోసి, మూడు వారములు మరియొక కట్టు వేసిరి. మేము పని ముగిసినదని సంతోషించితిమి. వైద్యుడు నవ్వి, "అసలు పని ఇప్పుడే మొదలైంది, తాతగారూ" అనెను. ఒక కడ్డీకి బిగించిన జోడు బిడ్డకు తొడుగవలెను. మొదటి మూడు నెలలు దినమునకు 23 గంటలు. పిదప నిద్రించునపుడెల్ల, నాలుగైదేండ్ల వయస్సు వచ్చువరకు. మానివేసినచో పాదములు మరల తిరిగిపోవును. మొదటి వారము బిడ్డ రాత్రులంతయు ఏడ్చెను. "ఈ ఒక్క రాత్రి తీసివేయుదము" అని మా యింటి ఆవిడ బ్రతిమాలెను. నా మనస్సును అట్లే యుండెను. మా అమ్మాయి మాత్రము కన్నీరు తుడుచుకొని జోళ్ల పట్టీలు బిగించెను.

ఆ రాత్రి నాకు ఆలయధర్మము ఒకటి స్ఫురించినది. ఆలయమున ఉత్సవము కలదు, నిత్యారాధనము కలదు. ఉత్సవమునకు వేలమంది వత్తురు. వాహనము, మేళము, గొడుగులు, దీపముల వరుసలు ఉండును. నిత్యారాధనమునకు ఒక అర్చకుడు, ఒక బిందె నీరు, ఒక దీపము. చూచువారు లేరు. అయినను ఆగమము నిత్యారాధనము తప్పిన ఆలయమునకు ప్రాయశ్చిత్తము విధించినది. వైద్యశిబిరము ఉత్సవము వంటిది. చుక్కల మందు దినము ఉత్సవము వంటిది. అవి యుండవలెను. కాని బిడ్డ కాలు నిలుచునది ఇంటిలో ప్రతిరాత్రి పట్టీలు బిగించుటలో, ప్రతి ఉదయము కీళ్లను వంచి చాచు వ్యాయామములో, కాలిపరు పొట్టియైనపుడు క్రొత్తది చేయించుటలో. అది నిత్యారాధనము. మనము ఉత్సవమునకు చందా లిచ్చి, నిత్యారాధనమును ఆ తల్లి ఒక్కదానికి వదలివేయుచున్నాము.

ఆసుపత్రి వరండాలో మాతోపాటు కూర్చుండిన ఒక కూలి దంపతుల బిడ్డకును ఇదే లోపము. ఆ బాలుని పాదములు మా పిల్ల పాదములకంటె ముందుగ దారికి వచ్చినవి. కొన్నినాళ్లకు వారు వచ్చుట మానిరి. ఏడాది గడచిన పిదప ఒకనాడు మరల కనబడిరి. పాదములు మొదటివలె తిరిగిపోయినవి. వచ్చిన ప్రతిసారి ఇద్దరి కూలి పోవును, బస్సు ఖర్చు అగును, ఇంటివద్దనున్న పెద్దపిల్లను చూచువారు లేరు. పైగా అత్తవారు "రాతను ఎవరు మార్చగలరు, పోనీ" అనిరట. ఆ తండ్రి ఈ మాటలు చెప్పుచు తల వంచుకొనెను. ఆ మాటను ఆ యింటికి చేర్చినవారు ఎవరు? నావంటి పౌరాణికులే గదా!

మన శ్రీవైష్ణవ సంప్రదాయమున దయయను గుణమును గూర్చి పెద్దలలో ఒక చర్చ కలదు. పరుల దుఃఖమును చూచి తాను దుఃఖించుటయే దయయని ఒక పక్షము. పరుల దుఃఖమును తొలగింపవలెనను కోరికయే దయయని ఇంకొక పక్షము. దోషరహితుడైన భగవంతునికి దుఃఖము ఎట్లు పొసగునని ఒకరు, దుఃఖింపనివాడు దయాళువెట్లగునని మరియొకరు. పాఠశాలలో మేము ఈ చర్చను రాత్రి ప్రొద్దుపోవువరకు సాగించి, ఎవరి పక్షము వారు విడువక నిద్రించెడివారము. భగవద్విషయమున ఆ నిర్ణయము పెద్దలకే చెల్లును. మనుష్యుల విషయమున మాత్రము నాకు ఆ జోళ్లు బిగించిన తల్లి నేర్పినది. ఆమె కంట నీరు మొదటి పక్షము. ఆమె చేతి బిగువు రెండవ పక్షము. ఏడ్చి ఊరకున్నచో బిడ్డ కాలు నిలువదు. ఏడుపు లేక పని మాత్రము చేసినచో ఆ పని లెక్కల పుస్తకమున వ్రాసికొను పద్దుగ మిగులును. శిబిరమున ఎందరికి పరీక్ష చేసితిమను సంఖ్యతో తృప్తిపడువారు, అందులో ఎందరు రెండవమారు వచ్చిరని అడుగరు. దయకు రెండవమారును గూర్చిన చింత యుండవలెను.

కావున గృహస్థులు చేయదగినవి కొన్ని విన్నవింతును. ఇవి పెద్ద పనులు కావు. మీ వీధిలో అట్టి బిడ్డ యున్నచో ఆసుపత్రికి మరల పోవలసిన తేదీని మీ యింటి పంచాంగమున కూడ వ్రాసికొనుడు. ఆనాడు బస్సు ఖర్చు మీరు పెట్టుకొనుడు. అంతకంటె మేలు, తోడుగ పోవుడు. ఇంటివద్ద మిగిలిన పిల్లలను చూచుకొనుడు. ఏకాదశినాడు భజనకు చేరినవారు పది నిమిషములు టీకాల తేదీలు చదివి వినిపింపుడు. క్రొత్తగ పెండ్లియైన ఆడపిల్లలకు ఫోలిక్ ఆమ్లపు మాత్రల సంగతి చెప్పుడు. గర్భము నిలుచుటకు ముందునుండి, తొలి నెలలలోను వాడినచో బిడ్డకు వెన్నుపాము లోపములు చాల వరకు తప్పునని 1991లో వెలువడిన వైద్యపరిశోధన నిరూపించినది. పోలియో మన దేశమున లేదుగదా యని చుక్కలు మానరాదు. ఇరుగుపొరుగు దేశములలో అది పూర్తిగ తొలగలేదు. ద్వారమున కావలి యున్నంతవరకే దొంగ రాడు.

ఇవి చేయునపుడు ఒక జాగ్రత్త కావలెను. తిరుమల మాడవీధిలో ఒకనాడు చక్రముల కుర్చీలో ఒక బాలుడు కూర్చుండియుండెను. తల్లిదండ్రులు ప్రక్కనే కొబ్బరికాయ కొనుచుండిరి. బాలుని నుదుట చక్కని తిరునామము. అటు పోవు యాత్రికుడొకరు దయతలచి వాని ఒడిలో పదిరూపాయల నాణెము వేసి నడచిపోయిరి. ఆ బాలుడు నాణెము చూచి, వెనుకనున్న నన్ను పిలిచి, "తాతా, ఆయన డబ్బులు పడిపోయినాయి, ఇచ్చిరా" అనెను. వానికి అది బిచ్చమని తోచనే లేదు. తానును అందరివలె స్వామిని చూడవచ్చిన భక్తుడు. సర్వజీవులును భగవంతునికి శేషభూతులని మనము చెప్పుకొందుము. శేషులలో కాళ్లున్నవారు ఎక్కువ, లేనివారు తక్కువ యను తారతమ్యము ఏ ఆచార్యుడును చెప్పలేదు. కన్నులు పోయిన కూరత్తాళ్వానులు రామానుజుల శిష్యులలో ఎవరికి తీసిపోయిరి? కనుక ఆ బిడ్డకు మనము చేయునది భిక్ష కాదు, కైంకర్యము. కైంకర్యము చేయువాడు పైనుండి చేయడు.

మా మనుమరాలు ఇప్పుడు బడికి నడచిపోవుచున్నది. ఆ సంతోషమును చెప్పి ఈ వ్యాసమును ముగింపవచ్చును. కాని నా మనస్సు ఆ రామాలయపు అరుగు మీదనే నిలిచిపోయినది. ఆ పిల్లవాడు బ్రతికియున్నచో ఇప్పుడు నలువదేండ్లు. కాలికి కట్టు కట్టించినవారు ఎవరైన దొరికిరో, కఱ్ఱ ఊతముతో నడచుచున్నాడో నేను ఎరుగను. ఆనాడు నా సంచిలో భాగవతమున్నది, సంభావనగ వచ్చిన రూపాయలున్నవి. పట్టణమునకు ఉదయమున బస్సు ఉన్నది. ఆమె అడిగిన ప్రశ్నకు ఇప్పుడైనచో ఇట్లు చెప్పుదును: "నాకు తెలియదమ్మా. రేపు పొద్దున బస్సుకు పట్నం ఆసుపత్రికి పోదాం. నేనూ వస్తాను."

ఆ సమాధానము చెప్పు భాగ్యము నాకు తప్పినది. దీనిని చదువు మీకు తప్పకుండుగాక యని, మీ వీధిలోని బిడ్డ తన కాళ్లపై నిలిచి స్వామిని సేవించుగాక యని శ్రీనివాసుని ప్రార్థించుచున్నాను.